ఎవరి దస్తరం వారికే కట్టాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మాది దేవరకొండ. బస్టాండు దగ్గర డీటీపీ, జిరాక్స్ దుకాణం నడుపుతున్నాను. పద్నాలుగేండ్లయింది. చందంపేట, డిండి, నేరెడుగొమ్ము దిక్కు నుంచి పొద్దటి బస్సుల్లో వచ్చేవాళ్లు చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకొని దిగుతారు. అందులో పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్ కార్డు, పాత పహాణీ (పొలం, సాగు వివరాల రికార్డు) నకలు, ఒక్కోసారి మడతల దగ్గర చినిగిపోయిన సాదా బైనామా (రిజిస్ట్రేషన్ కాని తెల్లకాగితం అమ్మకపు పత్రం) ఉంటాయి. దరఖాస్తు రాయించుకోవడానికి మా దుకాణం మెట్లెక్కుతారు. వాళ్లలో ఎక్కువ మందికి నేను రాసింది చదవడం రాదు. నేను ఏం రాస్తే అదే వాళ్లు చెప్పినట్టు లెక్క.

ఏఐ గురించి పత్రికల్లో రోజూ ఏదో ఒకటి వస్తోంది. ఉద్యోగాలు పోతాయని ఒకరు, పనులు సులువవుతాయని ఇంకొకరు రాస్తున్నారు. మాలాంటి దుకాణాల్లో కూర్చొని నలుగురి కాగితాలు రాసేవాళ్లకు కావలసిన విషయం ఒకటి మాత్రం నేను ఎక్కడా చదవలేదు. చాట్‌బాట్‌తో, అంటే మనం అడిగితే జవాబు రాసిచ్చే ఏఐతో, పని చేసేటప్పుడు ఒకరి సంగతి ఇంకొకరి సంగతిలో కలవకుండా దేనికది వేరు పెట్టుకోవడం. దీన్ని నేను దెబ్బ తినబోయి నేర్చుకున్నాను.

చాట్‌బాట్ వాడటం 2024లో మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో చదువుకునే మా అక్క కొడుకు ఫోన్లో వేసిచ్చి, ‘చిన్నమ్మా, నువ్వు సంగతి చెప్పు, దరఖాస్తు అదే రాస్తది’ అన్నాడు. నిజంగానే రాసింది. గంట పట్టే పని పది నిమిషాల్లో అయ్యేది. అలవాటయ్యాక ఒకటే చాట్ తెరిచిపెట్టుకొని అన్నీ అందులోనే అడిగేదాన్ని. పొద్దున విరాసత్ (పోయినవాళ్ల భూమిని వారసుల పేరుకు మార్చే) దరఖాస్తు, ఆ వెనకే పెండ్లి పత్రిక, మధ్యాహ్నం మా అబ్బాయి ఇంటర్ కెమిస్ట్రీ, సాయంత్రం మహిళా సంఘం వడ్డీ లెక్క. కొత్త చాట్ తెరవొచ్చని తెలియక కాదు. పాతదాంట్లోనైతే మన సంగతి దానికి తెలుసు, మొదటి నుంచీ చెప్పే పని లేదు అనుకున్నాను.

నిరుడు ఎండాకాలంలో ఒకే వారంలో ఇద్దరు వచ్చారు. ఒకాయనది తండా, డెబ్బై ఏండ్లు దాటాయి. ఆయన భూమి రెండెకరాల పద్నాలుగు గుంటలు. పాస్‌బుక్కులో పడింది ఎకరం ముప్పై నాలుగు గుంటలే. మిగిలిన ఇరవై గుంటలు సరిచేయించమని దరఖాస్తు కావాలి. రెండో ఆమెకు భర్త పోయాడు, విరాసత్ కావాలి. ఇద్దరిదీ ఒకే రెవెన్యూ గ్రామం. ఒకరిది సర్వే నంబరు 117, ఒకరిది 171 అనుకోండి. అసలు నంబర్లు ఇవి కావు, వాళ్ల భూమి సంగతి కాబట్టి మార్చి రాస్తున్నాను. ఇద్దరి వివరాలూ ఆ ఒక్క చాట్‌లోనే చెప్పాను. ఆమెవి సోమవారం, ఆయనవి గురువారం.

మా మామగారు అర్జీలు రాసేవారు. వేలిముద్ర వేయించే ముందు కాగితం మొత్తం గట్టిగా చదివి వినిపించాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. దుకాణంలో ఎంత రద్దీ ఉన్నా దాన్ని నేను వదల్లేదు. ఆ గురువారం కూడా చదువుతున్నాను. ‘తూర్పున వాగు, పడమర బండ్ల బాట’ దాకా వచ్చేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

‘వాగేంది బిడ్డా? మాకు వాగెక్కడిది? మా చెల్క గుట్ట కింద ఉంటది. వాగొడ్డుకున్నది ఆ సచ్చిపోయినాయన పొలం గదా.’

కాగితం మళ్లీ చూశాను. హద్దులు ఆమెవి. సర్వే నంబరు చూస్తే అదీ ఆమెదే, 171. పేరు, తండ్రి పేరు, రెండెకరాల పద్నాలుగు గుంటలు మాత్రం ఈయనవి. అంటే ఈయన పేరు మీద, ఆ భర్త పోయిన ఆమె పొలాన్ని అడుగుతున్న దరఖాస్తు నా ప్రింటర్‌లోంచి బయటికొచ్చింది. నంబరు ఒక్కటే తప్పు పడి ఉంటే ఆయన పట్టుకునేవాడు కాదు. నూట పదిహేడన్నా నూట డెబ్బై ఒకటన్నా ఆయన చెవికి ఒకటే. వాగు అన్న మాట చెవిన పడింది కాబట్టి ఆగాడు. అప్పటికే బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద అద్దుకున్నాడు. ఆ నీలం వేలు దేనికీ తగలకుండా పైకి పట్టుకొని, నేను మొత్తం మళ్లీ రాసేదాకా అట్లనే కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది.

ఆ కాగితం లోపలికి పోయి ఉంటే ఏమయ్యేది? మహా అయితే తిరిగొచ్చేది, ఆయన ఇంకో నాలుగు సార్లు బస్సెక్కేవాడు. అంతటితో ఆగకపోతే, పక్క పక్క చేన్ల వాళ్లు రెండిండ్లు పడి కొట్లాడుకునేవాళ్లు. మన దగ్గర గెట్టు పంచాయితీ మొదలైతే ఎన్నేండ్లు నడుస్తుందో నేను చెప్పక్కర్లేదు.

తప్పు నాది. ఇద్దరి కాగితాలను ఒకే చోట కుప్ప పోసింది నేను. చాట్‌బాట్ ఒక్కో జవాబు రాసే ముందు ఆ చాట్‌లో పైనున్న మాటలను చూసుకొని రాస్తుంది. పైన రెండు పొలాలుంటే రెండూ దాని ముందుంటాయి. ఈ వాగు ఫలానా ఆమెది, దాన్ని ఈయన కాగితంలోకి తేకూడదు అని మధ్యలో గెట్టు వేసి ఉండదు. పైగా అది ఒక్కసారికి పట్టుకోగలిగిన మాటలకు ఒక కొలత ఉంది. చాట్ పెరిగి పెరిగి ఆ కొలత దాటితే మొదట చెప్పినవి జారిపోతాయి. మాటలను అది టోకెన్లు అనే ముక్కలుగా లెక్కపెడుతుంది. అదే సంగతి ఇంగ్లిష్‌లో రాస్తే పట్టే ముక్కల కంటే తెలుగులో రాస్తే మామూలుగా ఎక్కువ పడతాయి. కాబట్టి తెలుగులో పని చేసే మన చాట్ ఇంకా తొందరగా నిండుతుంది. వారాల తరబడి ఒకటే చాట్ నడిపిన నాకు అప్పుడు ఇవేవీ తెలియవు.

ఆ రాత్రి మా మామగారి దస్తరాలు యాదికొచ్చాయి. పటేల్, పట్వారీల వ్యవస్థ 1984లో పోయింది. అంతకుముందు ఆయన ఒక పట్వారీ దగ్గర రాతపని చేశారు. తర్వాత సొంతంగా అర్జీలు రాసుకుంటూ బతికారు. అటక మీద ఎర్రగుడ్డ మూటలు వరసగా ఉండేవి. ఒక్కో మనిషికి ఒక్కో మూట, మూటకు దారం, దారానికి ఒక అట్ట ముక్క. ఒక దస్తరం విప్పి ముందు పెట్టుకున్నప్పుడు రెండోది ఎవరైనా దించబోతే కసురుకునేవారు. ఇది కట్టినాకనే అది విప్పాలి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆయనది చాదస్తం అనుకున్నాను. చేతిలో కంప్యూటర్ ఉండి కూడా నేను ఆయన అటక కంటే అధ్వానంగా కాగితాలు పెట్టుకున్నానని ఆ రోజు అర్థమైంది.

మా అక్క కొడుకుకు ఫోన్ చేస్తే ‘ప్రాజెక్టులు పెట్టుకోవా చిన్నమ్మా’ అన్నాడు. అప్పుడు తెలిసింది, ఇందుకని ఒక ఏర్పాటు ఉందని. క్లాడ్ అనే చాట్‌బాట్‌లో 2024 జూన్‌లో, చాట్‌జీపీటీలో అదే ఏడాది డిసెంబర్‌లో ఈ ప్రాజెక్టులు వచ్చాయి. మొదట్లో డబ్బు కట్టేవాళ్లకే ఉండేవి. చాట్‌జీపీటీలో 2025 సెప్టెంబర్ నుంచి ఉచితంగా వాడేవాళ్లకూ ఇచ్చారు. గూగుల్ నోట్‌బుక్ ఎల్ఎంలోనూ దాదాపు ఇదే పద్ధతి, ఏ నోట్‌బుక్కులో వేసిన కాగితాలు ఆ నోట్‌బుక్కుకే. ప్రాజెక్టంటే ఒక గది అనుకోండి. ఆ పనికి సంబంధించిన చాట్‌లన్నీ అందులోనే ఉంటాయి. దానికి కావలసిన కాగితాలు, అంటే పీడీఎఫ్‌లు, ఫోటోలు అందులోనే వేసుకోవచ్చు. ఈ పని ఇట్లా చెయ్యి, ఇట్లా చెయ్యొద్దు అని సూచనలు కూడా ఒకసారి రాసి పెట్టుకోవచ్చు. ఆ గదిలో ఎన్ని కొత్త చాట్‌లు తెరిచినా ఆ సూచనలు, ఆ కాగితాలు వాటికి అందుతాయి.

ఈ సూచనల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బయటి ప్రపంచానికి మన భూమి లెక్క తెలియదు. మన పాస్‌బుక్కులో 1.30 అని ఉంటే ఎకరం ముప్పై గుంటలు. ఆ చుక్క దశాంశం కాదు. నలభై గుంటలకు ఎకరం. ఒకసారి రెండు బిట్లు కూడమంటే చాట్‌బాట్ 1.30కి 1.20 కలిపి 2.50 అని, రెండున్నర ఎకరాలు అని రాసింది. అసలు లెక్క మూడెకరాల పది గుంటలు. ముప్పై గుంటలు గాలికి పోయాయి. సరిదిద్దితే ఒప్పుకుంది. ఇంకో చాట్‌లో మళ్లీ అదే తప్పు. పహాణీ అనాల్సిన చోట ఆంధ్ర దిక్కు మాట అడంగల్ అని రాసేది. తెలంగాణలో 2020లోనే వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) వ్యవస్థ రద్దయితే, ఇప్పటికీ ‘వీఆర్వో గారి విచారణ’ అని రాసేది. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చిన సంగతి దానికి తెలియదు. చాట్‌బాట్ ఎప్పటివరకో ఉన్న రాతలతో తయారై ఉంటుంది, ఆ తర్వాతి సంగతులు మనం చెప్తేనో, అది ఇంటర్నెట్‌లో వెతికితేనో తప్ప ఎరగదు.

ధరణి సంగతీ అంతే. భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్‌లో వచ్చింది. దాని స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్ 14న మొదలైంది. ముందు నాలుగు మండలాల్లో పెట్టి చూశారు, మన పాలమూరు దిక్కు నారాయణపేట జిల్లా మద్దూరు అందులో ఒకటి. కొత్త చట్టంలో అప్పీలుకు దారి ఉంది. అది తెలియకుండా పాత ధరణి పద్ధతిలోనే దరఖాస్తు రాస్తే రైతుకు ఆ దారి చూపించినవాళ్లం కాము. అందుకే భూభారతి చట్టం, నియమాల పీడీఎఫ్ ప్రతి భూమి ప్రాజెక్టులోనూ వేస్తున్నాను. సూచనల్లో నాలుగు మాటలు రాసి పెట్టాను. విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లోనే రాయి, నలభై గుంటలకు ఎకరం, చుక్క పెట్టి కూడొద్దు. పహాణీ అను, విరాసత్ అను. నేను ఇవ్వని సర్వే నంబరు, హద్దు, తేదీ ఏదీ నీ అంతట నువ్వు రాయొద్దు, ఖాళీ గీత పెట్టి నన్ను అడుగు. ఈ చివరి మాట రాసుకున్నాక నాకు చాలా నిమ్మళమైంది. అయినా ప్రతి అంకె నేనే పాస్‌బుక్కుతో పోల్చి చూస్తాను. ఆ పని దానికి అప్పజెప్పేది కాదు.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు కూడా చెప్తాను, నాలాంటి వాళ్లు చాలామంది ఇదే చేస్తారు. ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు ‘భూమి’ అని ఒకటి, ‘పెన్షన్లు’ అని ఒకటి, ‘పెండ్లి పత్రికలు’ అని ఒకటి పెట్టాను. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ ‘భూమి’ అన్న గదిలో మళ్లీ పదిహేను మంది రైతుల పాస్‌బుక్కులు చేరాయి. నేను తప్పించుకోవాలనుకున్న కుప్పే ఇంకో పేరుతో తయారైంది. పని రకాన్ని బట్టి కాదు, మనిషిని బట్టి గది ఉండాలి. పెండ్లి పత్రికలకు ఒకటే చాలు, అక్కడ ఒకరి ముహూర్తం ఇంకొకరికి పడినా ప్రూఫులో దొరుకుతుంది. భూమి, పెన్షన్, కోర్టు కాగితం, దవాఖాన కాగితం అట్లా కాదు. వీటికి ఎవరిది వారికే.

ప్రాజెక్టుకు మనిషి పేరు కూడా పెట్టను. మామగారి అట్ట ముక్కల లాగ నంబరు పెడతాను, ‘దస్తరం 1’, ‘దస్తరం 2’ అని. ఏ నంబరు ఎవరిదో నా రిజిస్టర్‌లో ఉంటుంది, ఆ రిజిస్టర్ నా టేబుల్ సొరుగులో ఉంటుంది. దుకాణంలో స్క్రీన్ అందరికీ కనబడుతుంది. ఫలానా ఆయన భూమి పంచాయితీలో ఉందని వెనక నిలబడ్డవాళ్లకు తెలియాల్సిన పని లేదు.

ఇంకో సంగతి, జ్ఞాపకం. కొత్త చాట్ తెరిచినంత మాత్రాన పాతది పూర్తిగా పోయినట్టు కాదు. చాట్‌జీపీటీ మనం చెప్పిన కొన్ని సంగతులను గుర్తు పెట్టుకొని వేరే చాట్‌లలో వాడుకోగలదు. 2025 ఏప్రిల్ నుంచి పాత చాట్‌లను కూడా చూసుకోగలుగుతోంది. ఇంటి పనులకు ఇది మంచిదే. పది మంది కాగితాలు రాసేవాళ్లకు మాత్రం భయమే. ఆ జ్ఞాపకాన్ని సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. ప్రాజెక్టు తెరిచేటప్పుడు, దాని జ్ఞాపకం ఆ ప్రాజెక్టుకే పరిమితం కావాలని ఎంచుకునే వీలు కూడా ఇచ్చారు. ఇది మొదట్లోనే చూసుకోవాలి. తలుపు వేశామనుకొని కిటికీ తెరిచిపెట్టినట్టు కాకూడదు.

గదులు వేరైనంత మాత్రాన అవి మన ఇంట్లో ఉన్నట్టూ కాదు. మనం వేసిన ప్రతి కాగితం ఆ కంపెనీ కంప్యూటర్లకు పోతుంది. మన మాటలను దాని చదువుకు వాడొద్దని సెట్టింగ్స్‌లో చెప్పొచ్చు, నేను చెప్పాను. ఆధార్ నకలు మాత్రం ఎంత అవసరమైనా అందులో వేయను. దరఖాస్తు రాయడానికి దానికి ఆధార్ నంబరుతో పని లేదు. ఖాళీ పెట్టిస్తాను, ప్రింటుకు ముందు నేనే టైపు చేస్తాను. ఎక్కడన్నా నకలు ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థే ఇస్తోంది. మన దేశంలో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పెద్ద కంపెనీల సంగతి అట్లుంచి, పది రూపాయలకు ప్రింటు తీసే మా చేతుల్లోనే ఎంతమంది ఆధార్లు, పాస్‌బుక్కులు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయో మేము ఒకసారి ఆలోచించాలి. పని అయిపోయి రసీదు చేతికొచ్చాక, ఇంకో రెండు నెలలు చూసి ఆ ప్రాజెక్టు తీసేస్తున్నాను. చాట్‌లు, ఫైళ్లు దాంతోనే పోతాయి. రైతుకు ఒక కాగితం నకలు ఇస్తాను, అది ఆయన ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది.

ఇదంతా చేయడానికి కొత్తగా వచ్చిన మనిషికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. బయట వరుస ఉన్నప్పుడు ఆ ఐదు నిమిషాలు బరువే. మా వీధిలోనే ఇంకో దుకాణం అబ్బాయికి చెప్తే ‘అక్కా, గంతసేపు ఎవరు చేస్తరు’ అన్నాడు. అతని మాటను కొట్టిపారేయను. దరఖాస్తుకు మాకు వచ్చేది ఎంతో అతనికీ నాకూ తెలుసు. కానీ ఒకసారి గది పెట్టుకుంటే ఆ మనిషి రెండోసారి వచ్చినప్పుడు పదిహేను నిమిషాలు మిగులుతుంది. పాత దరఖాస్తు ఏం రాశాం, ఏ తేదీన ఇచ్చాం అని వెతుక్కునే పని ఉండదు. భూమి సంగతిలో ఒకసారి వచ్చి పోయే మనిషి ఎవరున్నారు?

మీ పత్రిక జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న డబ్బా దీనికి కేటాయించాలని నా కోరిక. ఏఐ లోకాన్ని ఏం చేస్తుందో కాదు, ఫోన్లో ఏది ఎక్కడ నొక్కాలో కావాలి. ప్రాజెక్టు ఎట్లా తెరవాలి, జ్ఞాపకం ఎట్లా ఆపాలి, ఫైలు ఎట్లా తీసేయాలి అని తెలుగులో బొమ్మతో వేయండి. మా దుకాణాల్లో పనిచేసే పిల్లలు చాలామంది ఇంటర్‌తో ఆగినవాళ్లు. ఇంగ్లిష్ మెనూ చూసి భయపడి ఒకటే చాట్‌లో అన్నీ అడుగుతున్నారు. మీరు వేస్తే కత్తిరించి గోడకు అంటించుకుంటారు. మీసేవ కేంద్రాల వాళ్లకు శిక్షణ ఇచ్చే అధికారులు కూడా అందులో ఒక పూట దీనికి ఇవ్వాలని ఈ ఉత్తరం ద్వారా అడుగుతున్నాను. కాగితం రాయించుకునే వాళ్లకు కూడా ఒక మాట. వేలిముద్ర వేసే ముందు మొత్తం చదివి వినిపించమని అడగండి. మీ గెట్టు మీకు తెలిసినట్టు ఏ యంత్రానికీ, ఏ రాసేవాళ్లకూ తెలియదు.

తండా పెద్దాయన ఇరవై గుంటల సంగతి ఇంకా నడుస్తోంది. పోయిన వారం నోటీసు పట్టుకొని వచ్చాడు. ‘దస్తరం 1’ తెరిచాను. నిరుటి దరఖాస్తు, దాని రసీదు తేదీ, పాత పహాణీ ఫోటో అన్నీ అక్కడే ఉన్నాయి. జవాబు తయారు చేసి, అంకెలన్నీ పాస్‌బుక్కుతో పోల్చుకొని, ప్రింటు తీసి గట్టిగా చదివాను. ‘తూర్పున గుట్ట’ అన్న చోట ఆయన తలూపాడు. అప్పుడు ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాను.

ఇట్లు,
ఒక డీటీపీ దుకాణం నడిపే మహిళ,
దేవరకొండ, నల్లగొండ జిల్లా